ఉగాండా బడిపిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పడానికి వెళ్ళేవాళ్ళ కోసం

"ఉగాండా వెళ్ళి హైస్కూల్ పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పొచ్చావట కదా, మేమూ వెళ్ళాలంటే ఏం చెయ్యాలి" అని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్ళు పది మందైనా ఉంటారు. ఒకరు నర్సింగ్ అయిపోయిన అమ్మాయి, ఒకరు రిటైరైన బయాలజీ మాస్టారు, ఇంకొకడు డల్లాస్‌లో పుట్టి పెరిగిన మా పిన్ని మనవడు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి గొంతు పోయింది, అందుకే ఒకేచోట రాసేస్తున్నా. నేను స్టాఫ్ నర్సుని. మసాకా వైపు ఒక సెకండరీ స్కూల్లో రెండు టెర్ములు ఉన్నాను. నాకు తెలిసింది ఆ ఒక్క దేశం, అందులోనూ ఒక మూల. కాబట్టి నేపాల్‌కో జాంబియాకో వెళ్ళేవాళ్ళు ఇందులో పనికొచ్చేది తీసుకుని మిగతాది వదిలేయండి.

ఒక మాట మొదటే చెప్పాలి. మీరు వెళ్ళేది ఆ పిల్లలకు తెలియనిది చెప్పడానికి అనుకుంటే టికెట్ కొనకండి. అక్కడ ఆ పాఠం చెప్పే టీచర్లు ఉన్నారు, ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నారు. మీరు వాళ్ళకి ఇంకో జత చేతులు, అంతే. ఇది ఒప్పుకోగలిగితే మిగతాదంతా నేర్చుకోవచ్చు.

ఎవరి ద్వారా వెళ్ళాలి

డబ్బు కట్టకుండా వెళ్ళే దారులు తక్కువే కానీ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం, అందరూ యూఎన్‌వీ అనేది, మన వాళ్ళని తీసుకుంటుంది. ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ పెట్టుకుని ఖాళీలు చూసుకుంటూ ఉండాలి, ఎంపికైతే నెలకి బతకడానికి సరిపడా భత్యం వాళ్ళే ఇస్తారు. వీఎస్ఓ లాంటి అంతర్జాతీయ వాలంటీర్ సంస్థలు పని అనుభవం గట్టిగా అడుగుతాయి. మా పిన్ని మనవడి లాంటి వాళ్ళకి, అంటే అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్ళకి, అక్కడి ప్రభుత్వమే వాలంటీర్లని బయటి దేశాలకి పంపే పీస్ కోర్ ఉంది. 18 ఏళ్ళు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు, మొత్తం 27 నెలలు, అందులో మొదటి మూడు నెలలు శిక్షణ. ఉగాండాలో వాళ్ళకి ఆరోగ్యం మీద ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే కుదరదు, అది ముందే చూసుకోండి, మావాడి ఫ్రెండు ఒకడు దరఖాస్తు వ్యాసాలన్నీ రాసుకున్నాక తెలుసుకున్నాడు.

ఇక రెండు వారాలకు లక్షన్నర, రెండు లక్షలు తీసుకుని "ఆఫ్రికాలో సేవ" అని ప్యాకేజీ అమ్మే కంపెనీలు. నేను మొదట అలాంటి ఒకదానికి అడ్వాన్స్ కట్టి పోగొట్టుకున్నాను, పేరు చెప్పను. కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగాల్సింది, అడగలేదు. నేను కట్టే డబ్బులో బడికి ఎంత వెళ్తుంది? నా పక్కన నిలబడే అక్కడి టీచర్ ఎవరు? నాకు ముందు వచ్చిన వాలంటీర్ వెళ్ళిపోయాక ఆ క్లాసు ఏమైంది? మూడోదానికి తడబడితే ఆ క్లాసు ఆగిపోయిందని అర్థం. పాఠాలతో పాటు అనాథాశ్రమంలో పిల్లలతో ఆడుకోవడం కూడా ప్యాకేజీలో కలిపి అమ్ముతుంటే, అసలు ప్రశ్నలు కూడా అక్కర్లేదు, ఫోన్ పెట్టేయండి.

ఉగాండావాళ్ళకి ఈ విషయంలో చేదు అనుభవం ఉంది. వైద్యం చదవని ఒక అమెరికన్ యువతి అక్కడి జింజా అనే ఊళ్ళో పోషకాహార కేంద్రం పెట్టి పసిపిల్లలకు చికిత్స చేసిందని 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకి వెళ్ళారు, 2020లో తప్పు ఒప్పుకోకుండానే పరిహారం ఇచ్చి రాజీ చేసుకున్నారు. అందుకని హెడ్‌మాస్టరుగారు మీ సర్టిఫికెట్లు రెండుసార్లు తిరగేసి చూస్తే చిన్నబుచ్చుకోకండి. మీరు నర్సు కాకపోతే కాదని చెప్పండి. నర్సే అయినా అక్కడ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు, పాఠం వరకే. "సిస్టర్, తలనొప్పి" అని పిల్ల వస్తే నా పర్సులో పారాసిటమాల్ ఉండి కూడా బడి నర్సు దగ్గరికి పంపడం నాకు చాలా కష్టమైంది, చేతులు లాగేవి, అయినా అదే సరైన పని.

ఎంతకాలం అంటే, కనీసం ఒక టెర్ము. అక్కడ ఏడాదికి మూడు టెర్ములు, మొదటిది ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది, మూడోది సెప్టెంబరు నుంచి. మూడో టెర్ములో వెళ్ళారంటే ఎస్-ఫోర్, ఎస్-సిక్స్ పిల్లలు బోర్డు పరీక్షల్లో తలమునకలై ఉంటారు, మన టెన్త్, ఇంటర్ పిల్లల్లాగే, వాళ్ళు మీకు దొరకరు. మొదటి టెర్ముకి వెళ్ళండి.

కాగితాలూ సూదులూ

టూరిస్ట్ వీసా 50 డాలర్లే కదా, దాని మీద వెళ్ళి పాఠాలు చెప్పేద్దాం అనకండి. ఆహ్వానించే సంస్థ ద్వారా వాలంటీర్లకు ఇచ్చే పర్మిట్‌కి దరఖాస్తు చేయించుకోవాలి, దానికి టైం పడుతుంది, రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టండి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. పిల్లలతో పనిచేసే మంచి సంస్థ ఏదైనా అది అడుగుతుంది. అడగకపోతే మీరే ఒకసారి ఆలోచించుకోవాలి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. వేయించుకున్న పదో రోజు నుంచి చెల్లుతుంది, ఇప్పుడు జీవితాంతం ఒక్కటే డోసు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు వెళ్ళేటప్పుడు ఎంత ముఖ్యమో తిరిగి వచ్చేటప్పుడు అంతకన్నా ముఖ్యం, అది లేకుండా దిగితే మన ఎయిర్‌పోర్టు వాళ్ళు ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. పాస్‌పోర్టుకే పిన్ను కొట్టేసుకోండి.

మలేరియాకి మన ఊళ్ళో అలవాటైన క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. డాక్టరుని అడిగితే డాక్సీసైక్లిన్ గానీ, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ గానీ, మెఫ్లోక్విన్ గానీ రాస్తారు. మొదటిది రోజూ వేసుకోవాలి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు. రెండోదైతే వచ్చాక ఏడు రోజులు చాలు కానీ ధర ఎక్కువ. అందరూ చేసే తప్పు ఏంటంటే ఇంటికొచ్చి అమ్మ చేతి పప్పన్నం తినగానే మాత్రలు మానేస్తారు. వచ్చిన రెండు మూడు నెలల్లో జ్వరం వస్తే, అది వైరల్ ఫీవరే అనిపించినా సరే, డాక్టరుకి ముందు "నేను ఉగాండా నుంచి వచ్చాను" అనే మాట చెప్పండి. ఎబోలా మాట కూడా ఒకటి, 2022లోనూ 2025లోనూ అక్కడ వచ్చి తగ్గింది, భయపడి మానుకోనక్కర్లేదు కానీ వైద్యం కోసం వేరే దేశానికి తరలించే ఖర్చు భరించే ఇన్సూరెన్స్ తీసుకోండి.

వెళ్ళే ముందు ఇక్కడ ఒకసారి చెప్పి చూడండి

ఇది ఎవరూ చెయ్యరు. నేను కూడా ఎవరో తిడితే చేశాను. దగ్గర్లోని కేజీబీవీలోనో, జిల్లా పరిషత్ హైస్కూల్లోనో, హెడ్‌మాస్టరు అనుమతితో తొమ్మిదో తరగతి అమ్మాయిలకి నెలసరి మీద ఒక గంట పాఠం, తెలుగులో, చెప్పి చూడండి. మన సొంత భాషలో "బహిష్టు" అనే మాట పైకి అనేటప్పటికే గొంతు తగ్గిపోతుంది, "ఆ మూడు రోజులు", "దూరంగా ఉండటం", "బయట చేరడం" అంటూ పక్కదారులు పడతాం. ఆ గొంతు తగ్గడం ఎక్కడినుంచి వస్తోందో ఇక్కడే చూసుకోకపోతే, మసాకాలో ఇంగ్లీషులో చెప్పేటప్పుడు డాక్టరు పుస్తకంలో మాటల వెనక దాక్కుంటారు. పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

అక్కడ దిగాక, మొదటి మూడు వారాలు

పాఠం చెప్పొద్దు. వెనక బెంచీలో కూర్చుని వినండి. ప్రతి బడిలో సీనియర్ ఉమన్ టీచర్ అని ఒకావిడ, సీనియర్ మ్యాన్ టీచర్ అని ఒకాయన ఉంటారు. అమ్మాయిల విషయాలు ఆవిడ, అబ్బాయిల విషయాలు ఆయన చూస్తారు. ఆ ఇద్దరే మీ గురువులు. మా బడిలో ఆవిడ మ్యాథ్స్ కూడా చెప్పేది, బల్ల సొరుగులో ఎప్పుడూ రెండు ప్యాకెట్ల ప్యాడ్లు, ఒక స్పేర్ స్కర్టు ఉండేవి, వాటిని ఆవిడ సొంత డబ్బుతో కొనేదని నాకు చాలా రోజులకి తెలిసింది.

బడి ఆవరణలో చెట్లకి, గడ్డి మధ్యలో కర్రలకి చిన్న బోర్డులు కొట్టి ఉంటాయి, కన్యత్వం కాపాడుకో, కానుకలకి లొంగకు, ఎయిడ్స్ చంపుతుంది, ఇలా. టాకింగ్ కాంపౌండ్ అంటారు, అంటే మాట్లాడే ఆవరణ. చూసి నవ్వుకోకండి, అలాగని ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టకండి. అవి చదువుతూ పెరిగిన పిల్లలు మీ ముందు కూర్చుంటారు కాబట్టి, వాళ్ళ బుర్రలో ఏ వాక్యాలున్నాయో తెలుసుకోవడానికి మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి.

మర్యాదల విషయానికొస్తే, మసాకా ఉన్న బుగాండా అనే ప్రాంతంలో అమ్మాయిలు పెద్దవాళ్ళని మోకాళ్ళ మీద కూర్చుని పలకరిస్తారు. మొదటిసారి ఒక పదిహేనేళ్ళ పిల్ల కారిడార్‌లో నా ముందు మోకరిల్లితే నేను కంగారుపడి లేపబోయాను, పాపం ఆ పిల్ల ఇంకా కంగారు పడింది. పెద్దాయన్ని స్సెబో అనాలి, ఆవిడని న్న్యాబో అనాలి, ఎలా ఉన్నారంటే ఓలి ఓట్యా, థాంక్స్‌కి వెబాలే. ఈ నాలుగు మాటలతో సగం ఊరు మీవైపు తిరుగుతుంది. అవుననడానికి అక్కడ కనుబొమ్మలు పైకెత్తుతారు, నోటితో ఏమీ అనరు. అర్థమైందా అని అడిగితే క్లాసంతా కనుబొమ్మలెత్తి చూస్తుంటే నేను వీళ్ళకి ఏమీ ఎక్కలేదనుకుని అదే పాఠం మూడుసార్లు చెప్పాను. మనం తల అడ్డంగా ఊపుతూ "ఆఁ" అంటే వాళ్ళకి అది కాదన్నట్టు కనిపిస్తుంది, లెక్క సరిపోయింది.

మిమ్మల్ని ముయిండీ అని పిలుస్తారు, ఇండియన్ అని. అందులో తిట్టేమీ లేదు కానీ చరిత్ర ఉంది. 1972లో ఇదీ అమీన్ 90 రోజుల గడువిచ్చి ఆసియా వాళ్ళని వెళ్ళగొట్టాడు, తర్వాత కొందరు తిరిగొచ్చారు, ఇప్పుడు దుకాణాలూ ఫ్యాక్టరీలూ వాళ్ళవి చాలా ఉన్నాయి. ముయిండీ అంటే జీతమిచ్చే యజమాని అనే బొమ్మే చాలామందికి తెలుసు. మీరు బోడా బోడా, అంటే అద్దె మోటార్ సైకిల్, ఎక్కి (ఆ బండి చాలావరకు మన బజాజ్ బాక్సరే, దానిమీద హెల్మెట్ మాత్రం మీరే తెచ్చుకోండి) బడికొచ్చి, పిల్లలతో పాటు పోషో, బీన్స్ తింటే ఆ బొమ్మ మెల్లగా మారుతుంది. పోషో అంటే మొక్కజొన్న పిండి ముద్ద, మన సంకటి తిన్నవాళ్ళకి కొత్తేం కాదు. ఆవకాయ సీసా ఒకటి పట్టుకెళ్ళండి.

మేనత్త పాఠం

నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన సంగతి ఇది. బుగాండాలో అమ్మాయికి దాంపత్య విషయాలు చెప్పే బాధ్యత అమ్మది కాదు, స్సెంగాది. స్సెంగా అంటే తండ్రి అక్కచెల్లెలు, అచ్చంగా మన మేనత్త. మన దగ్గర పెద్దమనిషైన పిల్లకి చీర పెట్టి, చిమ్మిలి తినిపించి, సరసాలాడే మేనత్త ఉంటుంది, కానీ అసలు విషయం ఆవిడా చెప్పదు. అక్కడ చెప్పడమే ఆవిడ పని. ఇప్పుడు చదువులకి హాస్టళ్ళకి వచ్చేసిన పిల్లలకి స్సెంగా దగ్గర్లో ఉండదు, ఆ ఖాళీలో ఫోన్లూ, స్నేహితులూ, బయట బజార్లో "అంకుల్"లూ దూరుతున్నారు.

స్టాఫ్‌రూమ్‌లో ఒకరోజు నేను మన మేనత్తల గురించి చెప్పాను, వోణీల ఫంక్షన్, మూల కూర్చోపెట్టడం, పక్కింటివాళ్ళకి కూడా తెలిసేలా మైకు పెట్టి పాటలు, కానీ పిల్లకి మాత్రం ఎందుకు రక్తం వస్తోందో ఒక్కరూ చెప్పకపోవడం. టీచర్లందరూ పగలబడి నవ్వారు. సీనియర్ ఉమన్ టీచర్ మాత్రం "మీ స్సెంగాలు జీతం తీసుకుని పని చెయ్యరన్నమాట" అంది. ఆ రోజు నుంచి నేను వాళ్ళకి నేర్పడానికొచ్చిన మనిషిని కాకుండా పోయాను. మీరు కూడా మీ ఇంటి సంగతి ముందు చెప్పండి, వాళ్ళ ఇంటి సంగతి తర్వాత అడగండి.

చట్టం ఎక్కడ గీత గీసిందో

ఇది పొడిగా చెప్పేస్తా. సమగ్ర లైంగిక విద్యను ఉగాండా ప్రభుత్వం 2016లో నిషేధించింది, 2018లో సొంత మార్గదర్శక చట్రం తెచ్చింది, అందులో పెళ్ళి వరకు సంయమనం అనేదే ప్రధానం. చాలా బడులు కేథలిక్ చర్చివో, ఆంగ్లికన్ చర్చివో, ముస్లిం సంస్థలవో. కండోమ్ చూపించాలంటే హెడ్‌మాస్టరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఎక్కువ చోట్ల ఒప్పుకోరు. 18 లోపు పిల్లతో లైంగిక సంబంధం అక్కడ నేరం. 2023 చట్టం ప్రకారం స్వలింగ సంబంధాలకి యావజ్జీవం, కొన్ని రకాల కేసుల్లో మరణశిక్ష దాకా, వాటిని "ప్రోత్సహించడానికి" 20 ఏళ్ళ దాకా జైలు. నా అభిప్రాయం అడిగితే ఆ చట్టం క్రూరమైనది, కానీ మీరు విమానమెక్కి వచ్చేస్తారు, ఆ మాట క్లాసులో అన్నందుకు ఇరుక్కునేది మీ పక్కన నిలబడ్డ టీచరూ, అడిగిన పిల్లాడూ. క్లాసులో ఆ ప్రశ్న వస్తే ఇది నేను మాట్లాడగలిగేది కాదని చెప్పండి. అయితే ఎవరో ఒక పిల్లాణ్ణి చూపించి మిగతావాళ్ళు ఎగతాళిగా నవ్వితే ఆ నవ్వులో మీరు కలవకండి, ఆపండి. దానికి ఏ చట్టమూ అడ్డు లేదు.

నేను పాడుచేసిన క్లాసు

మసాకా, దాని పక్కనున్న రకాయి అంటే ఎయిడ్స్ చరిత్రలో మామూలు ఊళ్ళు కావు. విక్టోరియా సరస్సు ఒడ్డున కసెన్సెరో అనే జాలరి పల్లెలో 1982లో మనుషులు చిక్కిశల్యమై చనిపోవడం గమనించారు, స్లిమ్ అని పేరు పెట్టారు, అంటే సన్నబడే జబ్బు. 1987లో కంపాలాలో టాసో అనే సంస్థ పుట్టింది, జబ్బున్నవాళ్ళనీ వాళ్ళ ఇళ్ళవాళ్ళనీ కలిపి చూసుకోవడానికి. 1989లో ఫిలీ లుటాయా అనే పేరున్న గాయకుడు నాకు హెచ్‌ఐవీ ఉందని అందరి ముందు చెప్పి, బడులు బడులు తిరిగి మాట్లాడి, ఆ డిసెంబరులోనే చనిపోయాడు. 1993 నుంచి స్ట్రెయిట్ టాక్ అని పిల్లల కోసం ఒక పత్రికే నడిచింది, పిల్లలు ప్రశ్నలు రాస్తే జవాబులు వేసేవాళ్ళు. 1990ల మొదట్లో పెద్దవాళ్ళలో 18 శాతం దాకా వెళ్ళిన హెచ్‌ఐవీ ఇప్పుడు 5 శాతం దగ్గరికి వచ్చిందంటే అది బయటినుంచి వచ్చిన మనలాంటి వాళ్ళ గొప్ప కాదు.

ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నాను. మొదటి క్లాసులో ఏం చేశానంటే, నర్సింగ్ కాలేజీలో చెప్పించుకున్నట్టే బోర్డు మీద వైరస్ బొమ్మ వేసి, ఎలా వస్తుంది, వస్తే ఏమవుతుంది అని, చివరి దశ లక్షణాలన్నీ వరసగా చదివాను. మూడో వరసలో ఒక అమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది, బాత్రూమేమో అనుకున్నాను. సాయంత్రం సీనియర్ ఉమన్ టీచర్ పిలిచి, ఎవరని చెప్పకుండా, ఆ క్లాసులో పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉన్న పిల్లలు ఉన్నారని, రోజూ మాత్ర వేసుకుంటున్నారని, వాళ్ళని జజ్జాలు, అంటే అమ్మమ్మలూ నానమ్మలూ, పెంచారని చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాబట్టి హెచ్‌ఐవీ పాఠం మొదలుపెట్టాల్సింది "ఈ గదిలో ఎవరికైనా ఉండొచ్చు, ఉన్నా మాత్రలు సరిగ్గా వేసుకుంటే ముసలివాళ్ళయ్యేదాకా బతుకుతారు, పెళ్ళి చేసుకుంటారు, జబ్బు లేని పిల్లల్ని కంటారు" అనే చోటినుంచి. రక్తంలో వైరస్ కనపడనంత తగ్గితే లైంగికంగా ఇంకొకరికి అంటదు అన్నది కూడా చెప్పండి, పెద్ద పిల్లల్లో కూడా చాలామందికి అది కొత్త. తర్వాతే అంటుకునే మార్గాలు. అస్థిపంజరాల బొమ్మలు, పుర్రెలు వద్దు. "వాళ్ళు" అని కాదు, "మనం" అనండి. హాస్టల్లో ఒకే గదిలో ముప్ఫై నలభై మంది పడుకునే చోట మాత్ర డబ్బా ఎక్కడ దాచుకోవాలి అన్నది ఆ పిల్లలకి వైరస్ కన్నా పెద్ద సమస్య, డబ్బాలో మాత్రలు గలగలమంటాయి కదా, దాంట్లో దూది కుక్కుకుంటారు. బడి నర్సు గదిలో పేరు లేకుండా పెట్టుకునే ఏర్పాటు చేయించగలిగితే మీరు పది పాఠాలు చెప్పినదాని కన్నా ఎక్కువ చేసినట్టు. మేం అది హెడ్‌మాస్టరుతో మాట్లాడి సాధించడానికి ఒక టెర్ము పట్టింది.

ప్రశ్నల డబ్బా, దాన్ని వాడే పద్ధతి

డబ్బా పెట్టండి అని అందరూ చెబుతారు, ఎలాగో చెప్పరు. ఖాళీ డబ్బా మూల పెట్టి "ఎవరికైనా సందేహం ఉంటే వెయ్యండి" అంటే ఎవరూ వెయ్యరు, వేసినవాణ్ణి అందరూ చూస్తారు కదా. అందరికీ ఒకే సైజు కాగితం ముక్క, ఒకే రంగు పెన్సిల్ ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్ళు మధ్యాహ్నం ఏం తిన్నారో రాయాలి. అప్పుడు అరవై మందీ రాస్తూనే ఉంటారు, ఎవరు ఏం రాశారో తెలీదు. అందరివీ తీసుకుని వెంటనే చదవకండి, ఇంటికి తీసుకెళ్ళండి, చేతిరాత పోల్చుకునేవాళ్ళుంటారు కాబట్టి మీ మాటల్లో తిరగరాసుకుని, టీచరుతో కూర్చుని ఏది క్లాసులో చెప్పొచ్చు, ఏది ఆవిడ విడిగా చూసుకోవాలి అని వేరుచేసుకుని, మరుసటి వారం జవాబు చెప్పండి.

నాకు వచ్చిన మొదటి కట్టలో సగం "పోషో, బీన్స్". ఒక నెలకి పదిలో ఏడు ప్రశ్నలే. నెలసరి నొప్పికి ఏం చెయ్యాలి, రాత్రిపూట తడిసిపోవడం జబ్బా, ఒక్కసారికే కడుపొస్తుందా, బోడా అతను రోజూ ఊరికే దింపుతున్నాడు, తీసుకోవచ్చా. ఈ చివరిదాన్ని మామూలు ప్రశ్న అనుకోవద్దు. అక్కడ 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నలుగురిలో ఒకరు అప్పటికే తల్లో, గర్భవతో అయి ఉంటారని వాళ్ళ జాతీయ సర్వే చెబుతోంది. కరోనాకి 2020 మార్చిలో మూసిన బడులు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్నది 2022 జనవరిలో, ఆ మధ్యలో చదువాగిపోయిన అమ్మాయిలు ఎంతోమంది. ఉచిత సవారీ, మొబైల్ డేటా, ప్యాడ్లు, ఇవన్నీ ఎరలే.

ఎవరైనా కాగితం మీద గానీ నోటితో గానీ తనకి జరిగినదాన్ని చెబితే, వివరాలు గుచ్చి గుచ్చి అడగకండి, ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, మీరొక్కరే పోలీసు పనికి దిగకండి. విని, చెప్పినందుకు మెచ్చుకుని, సహాయం చెయ్యగలవాళ్ళకి చెప్పాలని ఆ పిల్లకే చెప్పి, బాధ్యుడైన టీచరు దగ్గరికి వెళ్ళండి. టీచరే నిందితుడైతే, అదీ జరుగుతుంది, సౌటి అనే పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 116, డబ్బు పడదు. ఆ నంబరు మొదటి రోజే బోర్డు మీద రాసి వదిలేయండి. పిల్లతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఎప్పుడూ ఉండకండి, ఆడవాళ్ళైనా సరే. బెత్తం సంగతి కూడా చెప్పాలి, 2016 నుంచి చట్టం వద్దంటోంది, కొన్ని చోట్ల టీచర్ల చేతిలో ఇంకా కనిపిస్తుంది. మీ పాఠంలో అల్లరి చేసినవాణ్ణి కొట్టడానికి ఎవరైనా వస్తే అడ్డుకోండి, తర్వాత హెడ్‌మాస్టరుతో మాట్లాడండి.

మిగతా పాఠాలు, గబగబా

నెలసరి పాఠంలో అబ్బాయిల్ని కూడా కూర్చోపెట్టండి, మొదటి పది నిమిషాలు నవ్వులు, తర్వాత వాళ్ళే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. ఉతికి వాడుకునే ప్యాడ్లు చేతితో కుట్టించాం, కుట్టినవాళ్ళలో ఇద్దరు అబ్బాయిలు, నాన్న దర్జీ అట. ప్యాడ్ల కన్నా ముందు నీళ్ళూ, గడియ ఉన్న తలుపూ ఉన్నాయో లేదో చూడండి.

మలేరియా గురించి వాళ్ళకి మీకన్నా ఎక్కువ తెలుసు. అక్కడ తలనొప్పి, నీరసం, అన్నీ మలేరియానే. పరీక్ష చేయించుకోకుండా మందులు మింగకూడదు అన్న ఒక్క విషయం మీద నిలబడండి. హాస్టల్లో దోమతెరలు కట్టుకోవడానికి మేకులు లేవని మా పిల్లలు చెప్పారు. మేకులు కొన్నాం. అంతే, ఆ వారం పాఠం అదే.

సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పాఠం తప్పకుండా పెట్టుకోండి, ఎందుకంటే ఇది మనకీ వాళ్ళకీ నిజంగా ఉన్న చుట్టరికం. ఉగాండాలో పుట్టే పిల్లల్లో దాదాపు 13 శాతం మందిలో ఆ జబ్బు జన్యువు ఉంది, మన అల్లూరి జిల్లాలో, ఆదిలాబాద్ గూడేల్లో కూడా అదే జబ్బు, 2023లో మన కేంద్ర ప్రభుత్వం దీనికోసమే ఒక మిషన్ మొదలుపెట్టింది. అమ్మానాన్నలిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, ఆ లెక్కకి నాలుగు గళ్ళ పట్టిక వేయించండి, చిక్కుడు గింజలతో చేయించండి, రెండు రంగులు చాలు. మా గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో కూడా దీన్ని చేతబడి అనేవాళ్ళున్నారని నేను చెప్పగానే క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది, ఒక అబ్బాయి లేచి మా తమ్ముడికి ఉంది, మా ఇంట్లోనూ అదే అన్నారు అన్నాడు.

టీకా సంగతి. హెచ్‌పీవీ టీకాని, అంటే గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసేదాన్ని, ఉగాండా దేశమంతా 2015 నుంచే బడుల్లో ఇస్తోంది. మన దగ్గర అప్పటికి అలా దేశమంతా ఇవ్వడం లేదు, ఆ మాట వాళ్ళకి చెప్పండి, మొహాలు వెలిగిపోతాయి.

వచ్చేసే ముందు

చివరి నెలలో మీరు ఒక్క పాఠం కూడా నిలబడి చెప్పకూడదు. టీచరు చెబుతుంటే మీరు వెనక కూర్చోవాలి, పిల్లల్లోంచి ఇద్దరు ముగ్గురు డబ్బా బాధ్యత తీసుకోవాలి. దగ్గర్లోని హెల్త్ సెంటర్-త్రీ, అంటే ఇంచుమించు మన పీహెచ్‌సీ, అక్కడి నర్సు ఒకసారి బడికి వచ్చి పిల్లలకి మొహం తెలిసేలా చూడండి. రేపు మాత్రకో, పరీక్షకో వాళ్ళు వెళ్ళాల్సింది ఆవిడ దగ్గరికే. తెచ్చిన చార్టులూ గింజలూ అక్కడే వదిలేయండి. పిల్లల ఫొటోలు ఫోన్‌లో ఉంటే తీసేయండి, నా దగ్గర ఒక్కటే ఉంది, దాంట్లో అందరూ వెనక్కి తిరిగి బోర్డు తుడుస్తున్నారు.

పిల్లలకి నా నంబరు ఇవ్వలేదు, ఎవరి ఫీజూ కడతానని మాటివ్వలేదు, చాలామంది అడిగారు, వద్దనడం తేలిక కాదు. టీచరుతో మాత్రం వాట్సాప్‌లో మాట్లాడుతుంటాను. మొన్న ఆవిడ డబ్బా ఫొటో పంపింది, పాతది విరిగిపోయిందట, బ్లూబ్యాండ్ మార్జరిన్ డబ్బాకి కన్నం పెట్టారు. ఈ వారం ఎన్ని వచ్చాయని అడిగితే, "పోషో నాలుగే, మిగతావన్నీ ప్రశ్నలు" అంది.